పాఠమునకు రుచి యెట్లు పుట్టును?

ప్రాథమిక పాఠశాలలోని పాఠములు పిల్లలకు రుచింపవలెనని యిప్పుడు అందరును ఒప్పుకొనుచున్నారు. కాని ఆ రుచి యెట్లు పుట్టునని యడిగినచో మన పెద్దలు రెండు పక్షములుగా చీలుదురు. భయము లేనిదే చదువు రాదు, రుచిమాట తరువాత చూచుకొందమని యొక పక్షము. పాటయు, ఆటయు, రంగుల తెరయు జోడించినచో రుచి దానంతట అదియే వచ్చునని రెండవ పక్షము. ఈ రెండును పొరబడినవని మా దృఢాభిప్రాయము. ఏలయన, పాఠము సహజముగా చేదు మందని యిరుపక్షములవారును నమ్ముచున్నారు. ఒకరు ముక్కు మూసి త్రాగింపుమందురు. ఒకరు తేనె కలిపి నాకింపుమందురు. అది మందు కాదు, అన్నమని చెప్పువారే అరుదు.

మొదటి పక్షము క్రొత్తది కాదు. 1823వ సంవత్సరమున బళ్లారి జిల్లా కలెక్టరుగా నుండిన క్యాంబెల్ దొర తన జిల్లాలోని 533 బడుల స్థితినిగూర్చి రెవెన్యూ బోర్డునకు నివేదిక వ్రాసెను. అందు తెలుగు బడులు 226. పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించు మన పద్ధతిని ఆయన మెచ్చుకొనెను. కాని పిల్లలు లెక్కకు మిక్కిలి పద్యములు కంఠస్థము చేసియు, వాని యర్థము చిలుకకంటె నెక్కువ యెరుగరని వ్రాసెను. పరపాలకుని మాటయని దీనిని త్రోసివేయుటకు మాకును మనసగును. కాని మా తరగతిని మేము చూచుకొన్న పిమ్మట నోరు రాకున్నది. ఇసుక పోయి పలక వచ్చినది. పలక పోయి నోటుపుస్తకము వచ్చినది. చిలుక మాత్రము పోలేదు.

మా మాటయే చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట మేము నాలుగవ తరగతికి కొలతల పాఠము చెప్పుచుంటిమి. మీటరుకు ఎన్ని సెంటీమీటరులని యడుగగా తరగతి యంతయు ఏకకంఠముగా "నూరు" అనెను. మాకు పరమానందమయ్యెను. అట్లయిన మీటరెంతయో చేతులతో చూపుడంటిమి. ఒకడు జానెడు చూపెను. ఒకతె రెండు చేతులును బారచాచెను. తక్కినవారు ప్రక్కవారి చేతులవంక చూచిరి. ఆ దినమున మేము నేర్పినది కొలత కాదు, ఒక మాట, అంతియే.

ఇంటివద్ద మీరు దేనిని కొలుతురని యడిగితిమి. "పూలండీ, మూరతో" అని యొక బాలిక చెప్పెను. మరునాడు ఒక నారత్రాడు తెచ్చి, ఎవరి మూరతో వారిని కొలువుమంటిమి. మా చేతికి ఆరు మూరలును మరికొంతయు వచ్చెను. పొడుగరి బాలునికి ఎనిమిది వచ్చెను. అందరిలో చిన్నదానికి తొమ్మిది వచ్చెను. త్రాడొక్కటే, లెక్కలు మూడు! తరగతిలో తగవు పుట్టెను. "నీ మూర తప్పు" అని యొకరు, "నీదే తప్పు" అని యొకరు. అంతలో ఆ చిన్నది లేచి, "మా అమ్మ పొట్టి అవ్వ దగ్గర పూలు కొనదు మాస్టారూ, ఆవిడ మూర చిన్నది" అనెను. ఎవరును నవ్వలేదు, అందరును ఆలోచించిరి. కొంతసేపటికి ఒక బాలుడు, "ఒక కర్ర విరిచి అదే అందరి మూర అనుకుందాం" అని తీర్పు చెప్పెను. అప్పుడు మేము మీటరు బద్దను వారి చేతికిచ్చితిమి. ముందటి దినమున దానిని కన్నెత్తి చూడనివారు, తగవు తీర్చ వచ్చిన పెద్దమనిషినివలె దానిని చుట్టుముట్టిరి. గుమ్మమును, బల్లను, వేపచెట్టు మొదలును కొలిచిరి.

ఇది పిల్లచేష్టయని తలంపవలదు. ఎవరి వ్రేలు లెక్క యన్న చిక్కు కౌటిల్యునికిని కలిగినది. కావుననే అర్థశాస్త్రమున అంగుళమునకు ప్రమాణము చెప్పునపుడు, మరీ పెద్దవాడును మరీ చిన్నవాడును కాని మధ్యముడైన పురుషుని నడిమి వ్రేలి నడిమి వెడల్పును గ్రహించెను. మన దేశమున 1956వ సంవత్సరపు చట్టముచే మీటరు ప్రమాణమైనదియు ఆ చిక్కు విప్పుటకే. శాస్త్రకారుడును శాసనకర్తలును నడచిన త్రోవను మా పిల్లలు ఒక పూటలో తమ కాళ్లతో నడచిరి. పాఠమునకు రుచి అక్కడ పుట్టినది. అవసరము తోచిన పిమ్మట వచ్చిన జవాబు అన్నమువలె రుచించును. ఆకలి పుట్టకముందు వడ్డించినది పంచభక్ష్యమైనను వెగటే.

ఆ వారముననే ఒక విద్యార్థి తండ్రి వచ్చి, "పూలు కొలవడానికా మాస్టారూ, పిల్లల్ని బడికి పంపేది? నోటుబుక్కులో రెండు పేజీలైనా నిండలేదు" అని నిలదీసెను. ఆనాడు మాకు మాట తోచలేదు. ఇప్పుడు చెప్పుచున్నాము. అయ్యా, ఆ పాఠమునకు మూడు దినములు పట్టినమాట నిజమే. కాని తరువాత వచ్చిన లీటరునకును కిలోగ్రామునకును అందు సగమైనను పట్టలేదు. ఉపాధ్యాయుడు ముగించిన పాఠము పిల్లవానికి ముగిసినదని నమ్ముటయే మనలను చెరచుచున్నది.

మేము కంఠస్థమును నిందించుచున్నామని కొందరనుకొందురేమో! మేమును బాల్యమున అమరకోశమును వల్లించినవారమే. ఎక్కములు నోటికి రావలసినదే. ధారణ దోషము కాదు. అర్థమునకు మారుగా ధారణను నిలుపుట దోషము. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది. బెత్తము చేతినుండి జారినది. కాని భయము మార్కుల పట్టికలో దాగి కూర్చున్నది. తప్పు చెప్పుదునేమోయని జడియు పిల్లవాడు చిన్న మూర సంగతి యెన్నడును చెప్పడు.

ఇక రెండవ పక్షమువారు ఉత్సాహవంతులు. వారిపై మాకు కోపము లేదు. అనుమానము మాత్రము కలదు. తెరమీద మీటరు బద్ద నాట్యమాడినచో పిల్లలు చూతురు, నవ్వుదురు. తెర ఆరిన పిమ్మట వారు తలచుకొనునది నాట్యమునా, కొలతనా? పాట జ్ఞాపకమునకు తోడ్పడును, కథ మనస్సును నిలుపును, వానిని వలదనము. కాని పిల్లవాని చేతికిని బుద్ధికిని పని లేనిచోట అవి యెన్ని యుండియు ఏమి లాభము?

కావున గృహస్థులకు మా మనవి యొక్కటే. ఇంట తూచునప్పుడును, కొలుచునప్పుడును, పంచునప్పుడును పిల్లలను దగ్గరకు పిలువుడు. బడినుండి వచ్చిన పిల్లవాని నోటుపుస్తకము నిండినదా యని చూచుటకు ముందు, మీటరుకు ఎన్ని సెంటీమీటరులని కాక, మన గుమ్మము ఎన్ని మీటరులుండునని యడుగుడు. వాడు లేచి గుమ్మమువంక నడచినచో ఉపాధ్యాయుని అతని త్రోవను పోనిండు. కూర్చున్నచోటనే "నూరు" అని వల్లించినచో తప్పక బడికి వచ్చి మమ్ము నిలదీయుడు. అప్పుడు తలవంచుకొనవలసినవారము మేమే.