పోటీ పేరుతో బయానా

స్టీమ్ గుత్తాధిపత్యాన్ని బద్దలుకొట్టే వీరుడు ఎపిక్ అని కొందరు మిత్రుల వాదన. స్టీమ్ సాధువని నేననను; 2004లో ‘హాఫ్ లైఫ్ 2’ ఆడాలంటే తమ స్టీమ్ ఉండితీరాలన్నది వారే. అమ్మకంలో స్టీమ్ వాటా సాధారణంగా 30 శాతం కాగా, 2018 డిసెంబరులో తెరుచుకున్న ఎపిక్ అంగడి 12 శాతం చాలన్నది. అంతవరకూ అది పోటీయే, హర్షణీయమే.

కానీ 2019లో ‘కంట్రోల్’ ఆట ఏడాదిపాటు పీసీలో మరో అంగడి మెట్లెక్కకుండా ప్రచురణకర్తకు దాదాపు 95 లక్షల యూరోలు చెల్లించింది. ఇది పోటీయా, పోటీని కొనివేయడమా?

గద్వాలవారికి ఈ బేరం కొత్త కాదు. పత్తి విత్తనం పండించే రైతుకు ఆర్గనైజరు ముందుగా పెట్టుబడి ఇస్తాడు. పండిన విత్తనం ఆ కంపెనీకే చేరాలి. ఆ బయానా రైతును ఆదుకుంటుంది, కాదనను; బేరమాడే నోటిని మూసేదీ అదే. ఆట తయారుచేసేవారికి కనీసం బయానా అయినా దక్కుతుంది. మరి కొనే మనకు? మిగిలేది ఒకే ఒక్క అంగడి.

ఎపిక్ ఆటలను ఉచితంగానూ పంచింది కదా అంటారేమో. పంచనీ! ఆ దారిలోనే పిలిచి ఉంటే నేనే మొదటి గిరాకీనయ్యేవాణ్ణి. ఇరుగుపొరుగు తలుపులు మూయించి పిలిస్తే, దాన్ని ఆహ్వానమనరు మిత్రులారా!