వండిన గంట గుర్తుపెట్టుకోండి

డిసెంబరు 24వ తేదీ రాత్రి వండిన బిర్యానీని 25వ తేదీ మధ్యాహ్నం పిల్లలకు పెట్టకండి. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఈ మాట చెప్పాలి.

చోడవరంలోనూ, చుట్టూ బుచ్చెయ్యపేట, రావికమతం, మాడుగుల, చీడికాడ పల్లెల్లోనూ ఇళ్ల మీద నక్షత్రాలు వెలిగాయి. సెమీ క్రిస్మస్ విందులు నడుస్తున్నాయి. రాత్రి పొద్దుపోయేదాకా పాటల బృందాలు ఇంటింటికీ వస్తున్నాయి. మర పట్టించిన పిండి, బెల్లం, నూనె డబ్బాలు వంటింట్లోకి చేరుతున్నాయి. ఈ రోజుల్లో ఎవరింట్లోనూ సెలైన్ సీసా వేలాడకూడదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

క్రిస్మస్ వంటకు ఓ చిక్కు ఉంది. 24 రాత్రి ఆరాధన అర్ధరాత్రి దాటుతుంది. తెల్లారితే మళ్లీ చర్చి. ప్రార్థన, పాటలు, పిల్లల నాటిక, పలకరింపులు అయ్యి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. వెనకాలే చుట్టాలు దిగుతారు. మరి వండేది ఎప్పుడు? మన ఆడవాళ్లు దీనికి కనిపెట్టుకున్న దారి ఒకటే. నిద్ర మానుకుని రాత్రికి రాత్రే వండేయడం, లేదంటే వేకువన నాలుగింటికే గుండిగ దించేయడం. అందులో వాళ్ల తప్పేం లేదు. వచ్చినవాళ్లు కడుపునిండా తినాలనే ఆ పాట్లన్నీ. కానీ నాలుగింటికి దించిన కోడికూర రెండింటికి విస్తట్లో పడేసరికి పది గంటలవుతుంది. మా భయమంతా ఆ పది గంటల గురించే.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. ఎసరు మరిగినా అవి చావవు. అన్నం చల్లారుతున్నకొద్దీ మేల్కొంటాయి, పెరుగుతాయి, విషం విడుస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. పెద్ద గుండిగలో మాంసం కూరది ఇంకో తంటా. పైన చల్లారినట్టే ఉంటుంది, నడుమ మాత్రం గంటల తరబడి గోరువెచ్చగా, గాలాడకుండా ఉండిపోతుంది. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే మరో సూక్ష్మజీవి పెరగడానికి అంతకంటే అనువైన చోటు లేదు. చాలాసార్లు వాసన రాదు, రుచి మారదు. నాలుక మీద వేసుకుని బాగానే ఉందనుకుంటే సరిపోదు.

చలికాలమే కదా, ఏం పాడవుతుందిలే అని చాలామంది అంటారు. దయచేసి ఆ ధీమా వదలండి. మన కోస్తాలో చలి రాత్రిపూటే. డిసెంబరులో కూడా పగలు ఉక్కపోసే వంటిల్లే మనది. వండిన పదార్థం రెండు గంటలకు మించి బయట ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 60 డిగ్రీల పైన పొగలు కక్కుతూనన్నా ఉండాలి, 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లోనన్నా ఉండాలి. ఆ రెంటి నడుమ ఉన్నంతసేపూ క్రిములు పెరుగుతూనే ఉంటాయి.

ఇది ఎక్కడో దూరాన జరిగే సంగతి అనుకోవద్దు. 2024 ఆగస్టులో మన అనకాపల్లి జిల్లాలోనే, కోటవురట్ల మండలం కైలాసపట్నంలో, ఒక వసతి గృహంలో తిండి వికటించి పసిపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇంకెందరో ఆసుపత్రుల పాలయ్యారు. శనివారం తిన్న తిండికి సోమవారం కల్లా బిడ్డలు లేకుండా పోయారు. జబ్బు మొదలయ్యాక కొందరు వైద్యం అందకుండానే ఊళ్లకు చేరారు. ఎవరిని తప్పుపట్టాలన్నది విచారణలు చూసుకుంటాయి. ఆ రెండు రోజుల్లో గంటగంటా ఎంత విలువైందో మనం గుర్తుంచుకోవాలి.

అందుకే ఈసారి ఏం వండాలి అని కాకుండా, ఏది ఏ గంటకు వండాలి అని ముందుగా ఆలోచించుకోండి. జంతికలు, చెక్కలు, గవ్వలు, అరిసెలు, కజ్జికాయలు నిలవుండేవే. అవి 20వ తేదీ లోపే అయిపోవాలి. చివరి రెండు రోజులకు వాయిదా వేశారా, అలసట మీద అలసట. 24 సాయంత్రం ఉల్లిపాయలు కోసి వేయించుకోండి, మసాలా నూరుకోండి. కోడికి మసాలా పట్టించి మూతపెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. పైన పెడితే ఆ నీసునీళ్లు కేకు మీదో పెరుగు మీదో కారతాయి. 25న చర్చి నుంచి రాగానే వచ్చినవాళ్లకు పిండివంటలు, టీ ఇచ్చి కూర్చోబెట్టండి. అప్పుడు కోడి పొయ్యెక్కించండి. గంటన్నరలో వేడివేడి భోజనం సిద్ధం. చుట్టాలు ఆ గంటన్నర ఆగుతారు. ఆగలేనివాళ్లు వచ్చి ఉల్లిపాయలు ఒలుస్తారు.

ఇంకో దారీ ఉంది. మధ్యాహ్నానికి తేలిక భోజనం పెట్టి, పెద్ద విందు రాత్రికి మార్చుకోండి. విందు మధ్యాహ్నమే జరగాలని నియమమేమీ లేదు కదా. వంటకాలు కూడా తగ్గించండి. కోడి, మేక, రొయ్యలు, చేప, పలావు, ఫ్రైడ్ రైస్ అన్నీ ఒక్క పూటకు ఒక్క మనిషి చేతి మీద జరగాలనడం అన్యాయం. మూడు వంటకాలు వేడిగా ఉంటే ఏడు చల్లారినవాటికంటే మేలు. ఇంట్లో మగవాళ్లకు, ఎదిగిన కొడుకులకు ఒక విన్నపం. రెండు రాత్రులు నిద్రలేని మనిషి మరిగే నూనె ముందు నిలబడితే ప్రమాదం వంటలోనే కాదు, ఆమె ఒంటికీ ఉంది. ఆ పూట గరిట మీరు పట్టుకోండి.

కోడి కొనడం కూడా ఆఖరి పనిగా పెట్టుకోండి. పొద్దున్నే కొని, సంచి బండికి తగిలించి, బజారంతా తిరిగి, మధ్యాహ్నం ఇల్లు చేరితే ఇంట్లో ఎంత జాగ్రత్త పడినా ఏం లాభం? కుళాయి కింద ధారగా పెట్టి కడగకండి. ఆ తుంపర్లు పక్కనున్న గిన్నెల మీద, కోసిన కీరా మీద పడతాయి. మాంసం కోసిన కత్తితోనే పెరుగుచట్నీకి ఉల్లిపాయ కోయకండి. చేతికి తెగిన గాయం, పుండు ఉన్నవాళ్లు ఆ రోజు వంట, వడ్డన వదిలి వేరే పని చూసుకోవడం మంచిది. లోపల ఎర్రటి రసం కారకుండా ముక్క పూర్తిగా ఉడకాలి. మిగిలిన కూరను గుండిగతో సహా ఫ్రిజ్‌లోకి తోయకండి. లోతులేని పళ్లాల్లోకి తీసి, వేడి తగ్గగానే లోపల పెట్టండి. నిండా కుక్కిన ఫ్రిజ్‌లో చల్లగాలి తిరగదు. కరెంటు పోయి గంటలైతే ఆలోచించకండి, మాంసం పారేయండి. నష్టం నాలుగొందలో అయిదొందలో, అంతే.

క్రీము కేకు మేజా మీద అలంకారంగా పగలంతా ఉంచడం ఇప్పుడు మన పల్లెల్లోకీ వచ్చింది. కోసే ముందు ఫ్రిజ్‌లోంచి తీయండి, కోశాక మళ్లీ లోపల పెట్టండి. కేకు కలిపిన గిన్నెలో పచ్చిగుడ్డు ఉంటుంది, పిల్లలు నాకకుండా చూడండి. పచ్చిగుడ్డుతో ఇంట్లో మయొనైజ్ చేయడం అసలే వద్దు. జబ్బులు వస్తున్నాయనే 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించింది.

బెల్లం దగ్గర ఒక్క మాట. అనకాపల్లి బెల్లం ఖ్యాతి మనది. అయినా పసుపుపచ్చగా మెరిసిపోయే దిమ్మకు ఎగబడకండి. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారని ఇక్కడ పుట్టినవాళ్లందరికీ తెలుసు. ముదురు రంగు బెల్లంతో చేసిన అరిసె నల్లగా ఉంటే ఉండనీయండి.

ఇక పొయ్యి. బెల్లం పాకం ఒంటిమీద పడితే నూనెకంటే ఎక్కువ కాలుస్తుంది, అతుక్కుని ఊడిరాదు. పిండిలో గాలి మిగిలితే జంతిక నూనెలో పేలుతుంది. కొత్త గౌన్లు వేసుకున్న పసివాళ్లు మూకుడు చుట్టూ మూగుతారు. వాళ్లను గడప బయటే కూర్చోబెట్టండి. చీర కొంగు దోపుకోండి, సిల్కు చీరతో పొయ్యి దగ్గరకు వెళ్లకండి. నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. పొయ్యి ఆపి మూత బోర్లించండి. క్రిస్మస్ నూనెనే దాచి సంక్రాంతికి మళ్లీ మూకుట్లో పోయడం చాలా ఇళ్లలో అలవాటు. నల్లబడి, నురగ కట్టి, త్వరగా పొగ వస్తుంటే ఆ నూనె పని అయిపోయినట్టే.

గ్యాస్ గొట్టం వేసి అయిదేళ్లు దాటితే ఈ వారమే మార్చండి. వాసన వస్తే స్విచ్చు వేయకండి, తీయకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, అందరూ బయటికొచ్చి గ్యాస్ అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి. గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. ఆరాధన గదిలో కొవ్వొత్తి వెలుగుతోందేమో చూసుకోండి. ఎవరికైనా కాలితే ఉబ్బకముందే గాజులు, ఉంగరాలు తీసేసి 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, పిండి ఏదీ పూయకండి.

ప్రేమవిందు పెట్టే సంఘపెద్దలకు చేతులు జోడించి చెబుతున్నాం. రెండు మూడొందల మందికి గాడిపొయ్యి మీద వండినప్పుడు వడ్డన ఎప్పుడో ముందే తేల్చుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసి పొయ్యి వెలిగించండి. ప్రసంగం సాగితే భోజనం ఆలస్యమవుతుంది. వంటవాళ్లకు ఆ సంగతి ఎవరో ఒకరు వచ్చి చెప్పాలి. బావినీళ్లయినా బోరునీళ్లయినా తాగడానికి కాచి పెట్టండి. మిగిలిన బిర్యానీని సాయంత్రం హాస్టల్ పిల్లలకో, అనాథాశ్రమానికో పంపడం మంచి మనసుతో చేసే పనే. కానీ ఆ పిల్లలకు అందరికంటే ముందు, వేడిగా ఉన్నప్పుడే పంపండి. ఇరుగుపొరుగుకు పళ్లెం పంపేటప్పుడూ ఎప్పుడు వండారో ఒక మాట చెప్పండి.

ఇంత చేసినా ఎవరికైనా తేడా చేయవచ్చు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు, లేదా ఆరేడు గంటల తర్వాత కడుపునొప్పి, విరేచనాలు మొదలైతే తిండి వల్లనేమోనని అనుమానించండి. ఒకే పంక్తిలో తిన్న ఇద్దరికి ఒకేసారి వస్తే అనుమానం అక్కర్లేదు. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇప్పుడే నాలుగు తెచ్చి పెట్టుకోండి. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా టీ చెంచాయే, తలగొట్టి కొలవండి, ఉప్పు మించకూడదు. గుక్కగుక్కగా తాగించండి. విరేచనాలు ఆగడానికి మందుల షాపు బిళ్లలు పిల్లలకు మింగించకండి. దిష్టి తగిలిందని ఆగకండి. బిడ్డ ఆరు గంటలుగా మూత్రం పోయకపోతే, ఏడిస్తే కన్నీళ్లు రాకపోతే, కళ్లు లోతుకు పోతే, పిలిస్తే మత్తుగా చూస్తే, విరేచనంలో రక్తం కనబడితే తెల్లారేదాకా చూడొద్దు. ముసలివాళ్లకు, గర్భిణులకు, షుగరు ఉన్నవాళ్లకు ఇదే మాట.

2022లో విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారినా, పెద్ద ఆపద వస్తే చోడవరం నుంచి మనం పరుగెత్తేది విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కే. అది దగ్గరేం కాదు. పండగ రాత్రి ఆటో దొరకదు, డ్రైవరు కూడా చర్చిలోనే ఉంటాడు. 108కి ఫోన్ చేసి ముందు చోడవరం ప్రభుత్వాసుపత్రికి చేరండి. అక్కడ సెలైన్ ఎక్కించాక, డాక్టరు చెబితే ముందుకు వెళ్లవచ్చు.

పాస్టరుగార్లు పండగ ముందు ఆదివారం ఆరాధన ముగించే ముందు రెండు నిమిషాలు ఈ సంగతులు చెప్పండి. వార్తాపత్రిక చేరని ఇంటికి కూడా మీ మాట చేరుతుంది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించుకోమనండి. ఏ వంటకం ఏ గంటకు దించారో అందులో రాయమనండి, కింద 108, 1906 అంకెలు పెద్దగా రాయమనండి. చదువుకునే పిల్లలకు ఆ పని అప్పగిస్తే ఇంకా సంతోషంగా చేస్తారు.