సల్లివన్ రోడ్డు మీద రెండు గుళ్ళు

మా నేపర్‌విల్ తెలుగువాళ్ళ ఇళ్ళలో పిల్లో పిల్లాడో ఎనిమిదో తరగతిలోకి రాగానే, శనివారం పార్టీల్లో ఒక ప్రశ్న మొదలవుతుంది. "ఇమ్సాకి వేస్తున్నారా?" అని. ఇమ్సా అంటే ఇల్లినాయ్ మాథమాటిక్స్ అండ్ సైన్స్ అకాడమీ. పక్క ఊరు అరోరాలో సల్లివన్ రోడ్డు మీద ఉంది. మన బాలాజీ గుడి కూడా ఆ రోడ్డు మీదే. రెండూ 1986లోనే తలుపులు తెరిచాయి. దర్శనం చేసుకుని, పులిహోర తిని, ఆ స్కూలు ముందు కారు కాస్త నెమ్మది చేసి పిల్లలకి చూపించే నాన్నలు నాకు చాలామంది తెలుసు. ఒకే ట్రిప్పులో రెండు మొక్కులు.

అది ప్రభుత్వ స్కూలే. రాష్ట్ర శాసనసభ 1985లో చట్టం చేసి పెట్టింది. పట్టుబట్టి పెట్టించిన వాళ్ళలో ముఖ్యుడు లియాన్ లెడర్‌మన్. అప్పట్లో బటేవియాలోని ఫెర్మీలాబ్‌కి డైరెక్టరు, 1988లో ఫిజిక్సులో నోబెల్ పంచుకున్నాడు. రాష్ట్రం నలుమూలల నుంచీ ఎంచిన ఆరున్నర వందల మంది పిల్లలు పది, పదకొండు, పన్నెండు తరగతులు అక్కడ చదువుతారు. ట్యూషన్ ఫీజు లేదు. కానీ హాస్టల్లో ఉండి తీరాలి, ఇల్లు పది మైళ్ళ లోపున్నా సరే. యూట్యూబ్ పెట్టిన ముగ్గురిలో ఒకడు స్టీవ్ చెన్ అక్కడివాడేనన్న సంగతి మా పార్టీల్లో బిర్యానీతో పాటు వడ్డిస్తారు.

ఇలాంటి స్కూళ్ళంటే నాకు గిట్టదని అనుకోకండి. నేను తాడికొండ గురుకులంలో చదివినవాణ్ణి. పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేల్లో మొదలుపెట్టి, మరుసటేడు తాడికొండలో, కొడిగెనహళ్ళిలో పెట్టిన బడులవి. మా ఊళ్ళో హైస్కూలు లేదు. పక్క ఊళ్ళో ఉందిగానీ లెక్కల మేష్టారు లేడు. ఎంట్రన్సు రాసి సీటు తెచ్చుకోకపోతే నేనిప్పుడు ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. నాకన్నా తెలివైనవాళ్ళు ఉంటారని అక్కడే తెలిసింది, వాళ్ళతో స్నేహమూ అక్కడే కుదిరింది. అందుకే చెబుతున్నాను: తాడికొండకి పనికొచ్చిన వాదన నేపర్‌విల్‌కి పనికిరాదు.

ఎందుకంటారా? 1999లో టిమ్స్ అనే అంతర్జాతీయ పరీక్ష జరిగింది. మా 203వ డిస్ట్రిక్టు ఎనిమిదో తరగతి పిల్లలు ఒక దేశం లెక్కన విడిగా రాశారు. సైన్సులో ప్రపంచంలో మొదటి స్థానం, లెక్కల్లో ఆరోది! ఇటు 204వ డిస్ట్రిక్టులో న్యూక్వా వ్యాలీ, మెటియా వ్యాలీ, వాబోన్సీ వ్యాలీ ఉన్నాయి. ఏపీ క్లాసులకి కరువు లేదు, ల్యాబులకి కరువు లేదు, ఆర్కెస్ట్రాలకీ లేదు. అసలు నేపర్‌విల్ ఊరే ఒక సెలెక్టివ్ స్కూలు. దాని ఎంట్రన్సు పరీక్ష పేరు ఇల్లు కొనడం. ఆ పరీక్ష మనం మార్ట్‌గేజి కాగితాల మీద సంతకం పెట్టిన రోజే పాసయ్యాం. ఒకసారి వడపోసిన నీళ్ళని మళ్ళీ వడపోస్తే ఏం మిగులుతుంది?

పెద్దగా ఏమీ మిగలదనే ఆర్థికవేత్తలు తేల్చారు. బోస్టన్‌లోనూ న్యూయార్కులోనూ పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ హైస్కూళ్ళని ముగ్గురు పరిశోధకులు చూశారు. వాళ్ళలో జాషువా ఆంగ్రిస్ట్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ఒకటి రెండు మార్కుల తేడాతో సీటు వచ్చినవాళ్ళనీ, రానివాళ్ళనీ పోల్చారు. స్కూలు వల్ల వాళ్ళ పరీక్షల మార్కుల్లో వచ్చిన తేడా దాదాపు లేదు. 2014లో అచ్చయిన ఆ వ్యాసం పేరే ‘ది ఎలీట్ ఇల్యూషన్’. మన పక్కనే ఉన్న షికాగో సెలెక్టివ్ హైస్కూళ్ళ మీద 2020లో వచ్చిన అధ్యయనం ఇంకో మెట్టు దిగింది. టెస్టుల్లో లాభం లేదు సరికదా, పిల్లల జీపీఏలు తగ్గాయి. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. మర్రిచెట్ల మధ్య నాటితే మంచి మొక్క కూడా తనని ఆముదం మొక్కే అనుకుంటుందని హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వవేత్త 1980ల నుంచీ చూపిస్తూ వచ్చాడు.

ఆ షికాగో అధ్యయనంలో నా వాదనకి అడ్డం వచ్చే మాట కూడా ఒకటుంది, దాచను. పేద పేటల నుంచి వచ్చిన పిల్లలకే ఎక్కువ దెబ్బ తగిలిందట. పేరున్న కాలేజీల్లో చేరే అవకాశం వాళ్ళకి తగ్గింది. అయితే పేదపిల్లలకీ ఇలాంటి బడి దండగే కదా అంటారేమో. ఆ పిల్లలు ఇంట్లో పడుకుని బస్సెక్కి వెళ్ళేవాళ్ళు. సీటు రాకపోయినా వాళ్ళకి ఊళ్ళోనే వేరే మంచి స్కూళ్ళు దొరికేవి. మన రాష్ట్రం కొసన, ఒహాయో నది మిసిసిపీలో కలిసే చోట కేరో అని ఒక చితికిపోయిన ఊరుంది. అక్కడి పిల్లకి సల్లివన్ రోడ్డు మీద గది దొరకడమంటే నాకు తాడికొండ దొరికినట్టు. న్యూక్వా పిల్లాడికి అదే గది దొరకడమంటే బఫేలో రెండో ప్లేటు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పెట్టిన ట్రిపుల్ ఐటీల్లో, తర్వాతి ఏళ్ళలో సీట్లిచ్చేటప్పుడు సర్కారు బడి పిల్లల గ్రేడుకి 0.4 కలిపారు. ఎవరి కోసం ఆ బడి పెట్టామన్నది పెట్టినవాళ్ళకి గుర్తుంది. ఇక్కడ చట్టం రాష్ట్రమంతటి కోసం చేశారు. మనం మాత్రం అరగంట డ్రైవు దూరంలో ఉన్నది మన హక్కు అనుకుంటున్నాం.

"చదువు కోసం కాదండీ, ఇండిపెండెన్స్ వస్తుంది" అంటాడు ఒకాయన. తన బట్టలు తాను ఉతుక్కోవడం నేర్పడానికి బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ చాలదా? మనం పదిహేనేళ్ళకి ఇల్లు వదిలింది గతిలేక. వీళ్ళని పంపిస్తున్నది గొప్ప కోసం. పైగా ఈ దేశంలో పుట్టిన పిల్లలతో తెలుగు మాట్లాడేది మనమిద్దరమే, అమ్మా నాన్నా. పద్ధెనిమిది నిండితే ఎలాగూ వెళ్ళిపోతారు. డిన్నర్ టేబుల్ దగ్గర మిగిలిన ఆ మూడేళ్ళనీ కూడా మన చేతులతో ఇచ్చేయాలా?

ఇంతకన్నా నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. సీటు రాని పిల్లల సంగతి. ఏడో తరగతి నుంచే శని ఆదివారాలు కోచింగుకి తిప్పి, వచ్చే ఉత్తరం కోసం ఇంటిల్లిపాదీ కాచుకుని కూర్చుంటే, అది రానప్పుడు ఆ పిల్లాడి ముఖం ఎవరు చూస్తారు? పద్నాలుగేళ్ళవాడు. పార్టీలో నలుగురాంటీలు నలుగుసార్లు అడుగుతారు. వాడు ఎక్స్‌బాక్సు గదిలోంచి బయటికి రావడం మానేస్తాడు. ఎంసెట్ ర్యాంకు అడిగే చుట్టాల బాధ పడలేకే సముద్రం దాటామని జోకులేసుకునే మనం, ఆ చుట్టాలని సూట్‌కేసులో పెట్టుకుని వచ్చాం.

అయితే ఎవరూ వెళ్ళకూడదా? వెళ్ళాలి. నాకు తెలిసిన ఒక అమ్మాయి లంచ్ టైములో ఒంటరిగా కూచుని ప్రధాన సంఖ్యలతో కుస్తీ పట్టేది. మాట్లాడటానికి ఒక్క మనిషి దొరికితే చాలనుకునేది. షికాగో అధ్యయనంలోనూ, మార్కులు పెరగకపోయినా పిల్లలు తమ స్కూలు బావుందనే చెప్పారు. లాభం ఉందంటే అక్కడ ఉంది, సావాసంలో. ఆ అమ్మాయి అప్లికేషన్ తనే నింపుకుంది. వాళ్ళమ్మ ఏడ్చింది, నాన్న వద్దన్నాడు. అయినా వెళ్ళింది. సెలవులకి ఇంటికి వస్తే ఇప్పుడు గంటలకొద్దీ ఫోనులో లెక్కల గురించి పోట్లాడుకుంటుందట.

ఈమధ్య సలహా అడగడానికి ఒక తండ్రి కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. "అక్కడ నీకు కావలసిందేమిటి, ఇక్కడ దొరకనిది?" అని కుర్రాణ్ణి అడిగాను. జవాబు తండ్రి చెప్పాడు. కుర్రాడు మా కుక్కతో ఆడుకుంటున్నాడు.