కడుపునొప్పి భరించలేక...

దినపత్రికల జిల్లా పేజీలు చదివేవాళ్లకు ఈ వాక్యం కొత్త కాదు: 'కడుపునొప్పి భరించలేక యువతి ఆత్మహత్య'. రెండంగుళాల వార్త. ఊరి పేరు, తండ్రి పేరో భర్త పేరో, వయసు పంతొమ్మిదో ఇరవై రెండో. చాలాకాలంగా కడుపునొప్పితో బాధపడుతోందనీ, ఎందరు డాక్టర్లకు చూపించినా నయం కాలేదనీ, జీవితంపై విరక్తి చెందిందనీ రాస్తారు. ఎస్సై కేసు నమోదు చేసుకుని దర్యాప్తు చేస్తున్నారన్నది చివరి వాక్యం. ఆ దర్యాప్తులో ఏం తేలిందో చెప్పే వార్త కోసం ఎదురుచూసే పాఠకులు ఉండరు. ఆడపిల్లల్నే, అదీ పదిహేను నుంచి ముప్పై ఏళ్ల లోపు వాళ్లనే ఏరి చంపే ఈ వింత కడుపునొప్పి మీద వైద్యశాస్త్రం ఇన్నేళ్లుగా ఎందుకు పరిశోధన చెయ్యలేదో!

నిజంగా నొప్పి ఉన్న స్త్రీలు లేరని కాదు. ఉన్నారు. బహిష్టు నొప్పులు, తెల్లబట్ట, కాన్పు తర్వాత విశ్రాంతి లేక వచ్చిన నడుంనొప్పి వీటిలో దేనికీ సరైన వైద్యం దొరకదు. దొరికేది కత్తి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. కాబట్టి కడుపునొప్పి అని రాసుకున్న చోటల్లా అబద్ధమే ఉందని నేననను. కానీ పోలీసుల పంచనామాలో ఆ మాట చేసే పని వేరు. పుట్టింటివాళ్లకు పరువు దక్కుతుంది. అత్తింటివాళ్లకు కేసు తప్పుతుంది. స్టేషన్‌కు ఫైలు మూసే వీలు దొరుకుతుంది. అందరికీ పనికొచ్చే మాట అది, చనిపోయిన పిల్లకు తప్ప.

ఇలాంటి మాటలు ఇంకా కొన్ని ఉన్నాయి. అమ్మ తిట్టిందనో, మొగుడు కొట్టాడనో, సెల్‌ఫోన్ లాక్కున్నారనో చనిపోతే 'మనస్తాపం చెంది'. యువకులు, యువతులు ఎవరైనా సరే, 'క్షణికావేశంలో'. ఒద్దన్న పిల్ల వెంటపడి గొంతుకోసిన వాడైతే 'ప్రేమోన్మాది'. ఈ చివరి మాటను కాస్త ఆగి చూడండి. హత్య చేసినవాడి పేరులోనే ప్రేమ ఉంది! మన పత్రికల భాషలో యువతీయువకులకు తాపం, ఆవేశం, విరక్తి, ఉన్మాదం అన్నీ ఉంటాయి. కోపం మాత్రం ఉండదు. కోపం అని రాస్తే ఎవరి మీద, ఎందుకు అన్న ప్రశ్నలు వస్తాయి కదా.

ప్రభుత్వ లెక్కలదీ ఇదే తీరు. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 సంవత్సరానికి ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలో ఆత్మహత్యలు 1,70,924. అందులో స్త్రీలు 48,172 మంది. వాళ్లలో 25,309 మంది 'గృహిణులు', అంటే సగానికి పైగా. కారణాల పట్టికలో మొట్టమొదటిది 'కుటుంబ సమస్యలు', దాదాపు మూడో వంతు. రెండోది 'జబ్బు'. కట్నం, అక్రమ సంబంధం లాంటి 'పెళ్లికి సంబంధించిన సమస్యలు' మరో గడి. ఇక కుటుంబ సమస్య అంటే ఏమిటి? తాగొచ్చి కొట్టడమా, చదువు మాన్పించడమా, వద్దన్న పెళ్లి చెయ్యడమా? గడి పేరే జవాబును మింగేస్తుంది. పరిశోధకులం ఆ గడినే తీసుకుని శాతాలు కడతాం.

ఈ మాటల్ని గంభీరావుపేటలో నిలబడి చూస్తే మరోలా కనిపిస్తాయి. ఇక్కడి యువతరానికి కోపం కొత్తేమీ కాదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలాదిమంది రైతుకూలీలు, యువకులు దొరల మీద, వెట్టి మీద ఊరేగింపు తీశారు. దొరలకు సాంఘిక బహిష్కారం పెట్టారు. చాకలి, మంగలి పనులు బందయ్యాయి. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను 'కల్లోలిత ప్రాంతాలు'గా ప్రకటించింది. ఆ ఉద్యమం మంచిచెడ్డల చర్చ ఇక్కడ చెయ్యబోవడం లేదు. ఒక్క విషయం చాలు. యువతరం కోపం గడప దాటి దొర గడీ వైపు నడిచినప్పుడు రాజ్యం దాన్ని వెంటనే గుర్తుపట్టింది, పేరు పెట్టింది, క్యాంపులు తెచ్చింది. అదే నేల మీద, అదే వయసు పిల్లల కోపం వాళ్ల ఒంటి మీదికే తిరిగినప్పుడు ఏ ప్రాంతమూ కల్లోలితం కాలేదు. కుటుంబ సమస్య అయింది. కడుపునొప్పి అయింది.

ఉద్యమాల లోపల కూడా ఆడపిల్ల కోపానికి గడువు ఉంటుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలతో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్లకు ఇది తెలుసు. తుపాకీ పట్టిన చెయ్యి, పోరాటం విరమించగానే పొయ్యి దగ్గరికి పోవాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటతో మొదలైన సారా వ్యతిరేకోద్యమం మరో ఉదాహరణ. మొగుళ్ల మీది కోపాన్ని ఆడవాళ్లు సారా దుకాణం మీదికి, అక్కడినుంచి ప్రభుత్వ ఖజానా మీదికి తీసుకెళ్లారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం సాధించారు. 1997లో ఆ నిషేధాన్ని సడలించినప్పుడు వాళ్లను ఎవరు అడిగారు?

ఈ మండలంలో, చుట్టుపక్కల మండలాల్లో ఒక యువతి బతుకు ఎలా నడుస్తుందో చూద్దాం. తల్లి బీడీలు చేస్తుంది. కూతురు బడి నుంచి రాగానే చాట ముందు కూచుంటుంది. తునికాకు తడపాలి, కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి. వెయ్యి అయితే గానీ లెక్కకు రాదు, అందులో బాగాలేవని కార్ఖానాలో తీసేసేవి పోను. బీడీలు వచ్చిన పిల్లకు సంబంధం తొందరగా కుదురుతుందన్న లెక్క ఈ ప్రాంతంలో చాలాకాలం నడిచింది. ఆమె చేతివేళ్ల వేగమే ఒకరకమైన కట్నం. అన్నదమ్ముడు సిరిసిల్లలో సాంచెల మీద పని చేస్తాడు, లేదా భివండికో సూరత్‌కో పోతాడు, లేదా అప్పుచేసి దుబాయి పోతాడు. సిరిసిల్ల మరమగ్గాల బతుకు ఆర్డరు ఉంటే పండుగ, లేకపోతే పస్తు. 2017 నుంచి బతుకమ్మ చీరలు కొన్నేళ్లు ఊపిరి పోశాయి. ఆ ఆర్డర్లు ఆగిన తర్వాత 2024లో నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలు మళ్లీ మొదలయ్యాయి.

గల్ఫ్ సంగతి చెప్పకుండా ఈ ప్రాంతపు కాపురాల గురించి మాట్లాడలేం. దుబాయిలో 2005లో జరిగిన ఒక కాపలాదారు హత్య కేసులో శిక్షపడిన సిరిసిల్ల ప్రాంతం మనుషులు సుమారు 18 ఏళ్ల తర్వాత, 2024లో ఇల్లు చేరారు. విమానాశ్రయంలో కన్నీళ్లు, కౌగిలింతలు. చూసినవాళ్లందరికీ కళ్లు చెమర్చాయి, నాకూ. కానీ పద్దెనిమిదేళ్లు ఇక్కడ కూడా గడిచాయి. ఆ ఏళ్లకు శిక్ష అనే పేరు లేదు, ఓపిక అన్నారు. పాతికేళ్లకే మొగుడు గల్ఫ్‌లో ఉండిపోయిన స్త్రీకి ఎవరి మీద కోపం వస్తుంది? ఏజెంటు మీద, అత్త మీద, ఫోను చెయ్యని వాడి మీద, తన మీద. ఆ కోపం చెప్పుకునే చోటేది? పుట్టింటికి పోతే 'జర ఓపిక పట్టు బిడ్డా, వాడు మాత్రం ఆడ సుఖపడుతుండా' అంటారు. అది అబద్ధం కూడా కాదు. అందుకే జవాబు చెప్పలేం.

'ఆత్మహత్యల్లో మగవాళ్లే ఎక్కువ కదా' అన్న ప్రశ్న సమావేశాల్లో తప్పకుండా వస్తుంది. నిజమే. 2022లో మగవాళ్లు 1,22,724 మంది. దీన్ని దాటవేసే స్త్రీవాదం నాకు అక్కర్లేదు. సంపాదించి పోషించేవాడే మగవాడని నేర్పిన పితృస్వామ్యం, సంపాదన పోయిన రోజున వాడికి ఏమీ మిగల్చదు. ఏడిస్తే ఆడంగి అంటుంది. తాగితే మగాడంటుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు, ఆడా మగా, ప్రాణాలు తీసుకున్నారు. తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 మార్కులు. ఫలితాల్లో సాంకేతిక లోపాలున్నాయని త్రిసభ్య కమిటీ చెప్పింది. అయినా టీవీల్లో చర్చ దేని మీద జరిగింది? పిల్లల మనోబలం మీద! తప్పు చేసినవాళ్లు ఉండగా పిల్లలు బలహీనులు కావడం మనకు అలవాటైన న్యాయం.

కానీ మగపిల్లాడికి ఇంకో దారి తెరిచి ఉంటుంది. తన కష్టాన్ని ఒక ఆడదాని మీదికి తిప్పే దారి. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వారిలో ఒకరు చనిపోయారు. నిందితులు ముగ్గురిని పోలీసులు రోజుల్లోనే కాల్చేశారు, జనం పూలదండలు వేశారు. 2019లో దిశ కేసులో అదే పునరావృతమయింది. అది బూటకపు ఎన్‌కౌంటర్ అని సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. తిరస్కారాన్ని భరించలేని కుర్రవాడు, విచారణను భరించలేని రాజ్యం. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు. అమ్మాయి 'వద్దు' అనగలిగే హక్కు మీద మాత్రం ఆ దండల్లో ఒక్క పువ్వూ పడలేదు.

ఇక మన సంగతి. మన సంస్థలు 'కిశోర బాలికలకు జీవన నైపుణ్యాలు' నేర్పుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో ఇచ్చిన పది నైపుణ్యాల జాబితాలో ఉద్వేగాలను తట్టుకోవడం ఒకటి. చార్టులు కడతాం. కోపం వస్తే దీర్ఘంగా ఊపిరి పీల్చు, పది అంకెలు లెక్కపెట్టు అంటాం. రోజుకు వెయ్యి బీడీలు లెక్కపెట్టే పిల్లకు పది అంకెలు లెక్కపెట్టడం నేర్పడానికి ప్రాజెక్టు డబ్బులతో జీపులో పోతున్నాం! ఊపిరి పీల్చుకోవడం చెడ్డదని కాదు. కోపాన్ని జబ్బుగా చూపించడం చెడ్డది. పదహారేళ్ల పిల్ల 'నాకు ఈ పెళ్లి వద్దు' అని అన్నం మానేసినప్పుడు ఆమెకు కావలసింది నైపుణ్యం కాదు, పెళ్లి ఆపే మనిషి.

కౌన్సెలింగు సెంటర్లలో కూడా ఇదే. షీ టీమ్స్ పట్టుకున్న మగపిల్లల్ని తల్లిదండ్రుల ముందు మందలించి పంపేటప్పుడు 'భవిష్యత్తు పాడవుతుంది' అంటారు. కొట్టాడని వచ్చిన అమ్మాయితో 'కాపురం పాడవుతుంది' అంటారు. అతని ఆస్తి భవిష్యత్తు, ఆమె ఆస్తి కాపురం. రిజిస్టర్‌లో 'రాజీ' అని పడితే ఆ నెల లెక్కలో అది విజయం. పంపిన అమ్మాయి ఆరు నెలల తర్వాత ఉందో లేదో చూసే గడి మన రిజిస్టర్లలో ఎన్నింట్లో ఉంది? ఇప్పుడు న్యాయస్థానం కూడా ఈ ధోరణికి ముద్ర వేసింది. 498ఏ కేసుల్లో ఎఫ్‌ఐఆర్ తర్వాత రెండు నెలలు అరెస్టు లేకుండా 'చల్లబడే గడువు' ఇవ్వాలని, విషయాన్ని కుటుంబ సంక్షేమ కమిటీకి పంపాలని 2022లో అలహాబాద్ హైకోర్టు పెట్టిన మార్గదర్శకాలు అమల్లో ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి కమిటీలనే 2017లో పెట్టి, 2018లో తానే తీసేసిన కోర్టు! ఎవరు చల్లబడాలి? చెయ్యి చేసుకున్నవాడా, చెప్పుకోవడానికి వచ్చిన పిల్లా?

'క్షణికావేశం' అనేవాళ్లను ఒక్క విషయం అడగాలి. నిజంగా అది క్షణమే అయితే, ఆ క్షణంలో చేతికి అందేదాన్ని ఎందుకు తీసెయ్యరు? శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. 1990ల మధ్య నుంచి రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. అక్కడి యువతకు ఉన్నట్టుండి మనోబలం పెరగలేదు. దుకాణంలో మందు మారింది, అంతే. టెలీ మానస్ నంబరు 14416, 2022 నుంచి ఉంది. అవసరమైన ప్రతి పిల్లకూ ఈ నంబరు చెప్పాలి, చెబుదాం కూడా. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్న జేబులో ఉంటే ఆమె ఎక్కడినుంచి మాట్లాడుతుంది? అంగన్‌వాడీలో, గ్రామసంఘం ఆఫీసులో ఒక ఫోను, తలుపు వేసుకోగలిగిన ఒక గది ఉండాలని మండలాల్లో అడగవలసిన పని మనదే.

చట్టంలో ఉన్నదాన్ని కూడా మనం సరిగ్గా వాడుకోవడం లేదు. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకుంటే మెజిస్ట్రేటు విచారణ జరగాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174, 176 సెక్షన్లలో ఉన్న ఈ నిబంధన 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194, 196 సెక్షన్లుగా కొనసాగుతోంది. తహసీల్దారు వచ్చి పంచనామా రాసేటప్పుడు మన కార్యకర్త అక్కడ ఉండాలి. కడుపునొప్పి అని రాయబోతే ఏ డాక్టరు చూశాడు, చీటీ ఏది, మందులేవి అని అడగాలి. చీటీ లేని కడుపునొప్పిని కారణంగా ఒప్పుకోమని రాతపూర్వకంగా ఇవ్వాలి. శవం లేవకముందే ఇది జరగాలి, తర్వాత జరగదు.

ఇక పెళ్లికాని పదిహేడేళ్ల పిల్ల ఉంది. ఆమెకు ఏడేళ్ల నిబంధన లేదు, మెజిస్ట్రేటు రాడు, వరకట్న నిషేధ చట్టం ఆమెను చూడదు. తండ్రే ఫిర్యాదుదారు, తండ్రి చెప్పిందే కారణం. సొంత ఇంటి మీద ఆమెకు ఉన్న కోపాన్ని ఆ ఇంటి పెద్దే పోలీసులకు చెప్పి రాయిస్తాడు. పద్దెనిమిదేళ్లలోపు ఆడపిల్ల అసహజంగా చనిపోయిన ప్రతిచోటా, పెళ్లయిందా లేదా అని చూడకుండా, ఇంటి బయటి అధికారి విచారణ చెయ్యాలని మనం ఇంతవరకు గట్టిగా అడగలేదు. గంభీరావుపేట నుంచి మొదలుపెట్టి అడుగుదాం.