కంప్యూటర్‌కీ పథ్యం పెట్టొచ్చు

మిక్సీ తిరగడం మానేస్తే ఏం చేస్తాం? జార్‌ పక్కనపెట్టి, మిక్సీని వంచి అడుగునున్న ఎర్ర బటన్‌ నొక్కి చూస్తాం. పొయ్యి మంట ఎర్రగా వస్తుంటే బర్నర్‌ తీసి రంధ్రాలు శుభ్రం చేస్తాం. మెకానిక్‌ మాట ఆ తర్వాతే. మరి కంప్యూటర్‌ మొరాయించగానే చేతులు వెనక్కి తీసేసుకుంటామెందుకు? ‘‘అమ్మో, నేను ముట్టుకోను, ఆయనొచ్చాక చూస్తారు’’ అంటాం. ఆ ఆయనకి మాత్రం తెలిసిందేమిటి, షాపు కుర్రాడి ఫోన్‌ నంబరు తప్ప!

ఆ కుర్రాడొచ్చి రెండు నిమిషాలు చూసి ఒకే మాటంటాడు. ‘‘ఫార్మాట్‌ కొట్టాలి మేడం.’’ మా పక్కింటావిడకి అలాగే కొట్టిచ్చాడు. ఇంట్లో ట్యూషన్లు చెప్పుకునే మనిషి. నాలుగేళ్ల ఫీజుల లెక్కలు, తయారు చేసుకున్న ప్రశ్నపత్రాలు, కూతురి సీమంతం ఫొటోలు అన్నీ పోయాయి. ‘‘డేటా కావాలని ముందే చెప్పాలి కదండీ’’ అన్నాడట పైగా! ఇంతకీ వచ్చిన జబ్బేమిటంటే, ఆన్‌ చేసిన ఐదు నిమిషాలకి స్క్రీన్‌ బిగుసుకుపోవడం. దానికి ఫార్మాట్‌ అవసరమా కాదా అని ఎవరూ చూడనేలేదు. నా కోపమంతా అక్కడే. జ్వరం చూడకుండా ఆపరేషన్‌ చేసే డాక్టర్ని ఊరుకుంటామా?

ఆడవాళ్లందరూ రిపేర్లు నేర్చేసుకోవాలని నేననడం లేదు. ఫార్మాట్‌కి ఒప్పుకునే ముందు ఒక్క పరీక్ష మనమే చేసుకోవాలంటున్నాను. అదేం బ్రహ్మవిద్య కాదు. పిల్లాడికి ఒళ్లంతా దద్దుర్లొస్తే ఏం చేస్తాం? వంకాయ, గుడ్డు, వేరుశనగ అన్నీ ఆపేసి చారన్నం పెడతాం. తగ్గాక ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టి, ఏది పడడం లేదో పట్టుకుంటాం. సేఫ్‌ మోడ్‌ అంటే అచ్చంగా ఇదే. 1995లో వచ్చిన విండోస్‌ 95 నుంచీ ఉన్నదే.

మామూలుగా ఆన్‌ చేసినప్పుడు విండోస్‌తోపాటు ప్రింటర్‌ తాలూకు ప్రోగ్రాములు, యాంటీవైరస్‌, మనకి పేరు కూడా తెలియని మరెన్నో లేచి కూర్చుంటాయి. సేఫ్‌ మోడ్‌లో స్క్రీన్‌, కీబోర్డు, మౌస్‌, డిస్క్‌ లాంటి అత్యవసరమైనవే లేస్తాయి. వెనక అంతా నల్లగా, అక్షరాలు మోటుగా కనిపిస్తాయి. నాలుగు మూలలా ‘సేఫ్‌ మోడ్‌’ అని ఉంటుంది. కంగారు పడక్కర్లేదు.

విండోస్‌ 7 దాకా ఆన్‌ చేస్తూనే ఎఫ్‌8 నొక్కితే సరిపోయేది. 2012లో విండోస్‌ 8 వచ్చాక ఆ దారి దానంతటది పనిచేయడం లేదు. విండోస్‌ 10, 11లలో షిఫ్ట్‌ నొక్కి పట్టుకుని రీస్టార్ట్‌ మీద క్లిక్‌ చేయాలి. వచ్చిన నీలం తెరలో ట్రబుల్‌షూట్‌, అడ్వాన్స్‌డ్‌ ఆప్షన్స్‌, స్టార్టప్‌ సెట్టింగ్స్‌, రీస్టార్ట్‌ అని వరసగా వెళ్లి, జాబితా రాగానే 4 నొక్కాలి. నెట్‌ కూడా కావాలంటే 5. కొన్ని లాప్‌టాప్‌లు మధ్యలో బిట్‌లాకర్‌ కీ అని 48 అంకెలు అడుగుతాయి. అది సాధారణంగా మన మైక్రోసాఫ్ట్‌ ఖాతాలో ఉంటుంది. కంప్యూటర్‌ బాగున్న రోజే చూసి, గ్యాస్‌ బుక్‌ పక్కన రాసి పెట్టుకోండి.

ఇక్కడ గంటసేపు బాగా నడిచిందంటే విండోస్‌ ప్రాణానికి ఢోకా లేనట్టే. పైనుంచి వచ్చి చేరినదాన్నే అనుమానించాలి. నా లాప్‌టాప్‌ అలాగే నడిచింది. చూస్తే కొన్నప్పుడే దాంతో వచ్చిన యాంటీవైరస్‌ ఒకటి, మా అబ్బాయి వేసింది ఇంకొకటి. ఒకే వంటింట్లో ఇద్దరు పెత్తందార్లు! ఒకదాన్ని సాగనంపాక తెరిపిన పడింది. సేఫ్‌ మోడ్‌లోనూ అదే గోల అయితే మాత్రం డిస్కో, మెమరీయో, విండోసే పాడై ఉండొచ్చు. అప్పుడు మెకానిక్‌ తప్పదు. ముందు పెన్‌డ్రైవ్‌లోకి మన ఫైళ్లు తీసుకుందాం.

దోషి ఎవరో తేలకపోతే ఇంకో మెట్టుంది. విండోస్‌ బొమ్మ ఉన్న మీట, ఆర్‌ కలిపి నొక్కి, ఎం ఎస్‌ సి ఓ ఎన్‌ ఎఫ్‌ ఐ జి అని కొట్టండి. అందులో డయాగ్నస్టిక్‌ స్టార్టప్‌ అని ఉంటుంది. అది విండోస్‌ సొంత సేవల్ని కూడా చాలావరకు ఆపేస్తుంది. పిన్‌ పనిచేయకపోవచ్చు కాబట్టి పాస్‌వర్డ్‌ గుర్తుండాలి. నాకైతే పక్కనున్న సర్వీసెస్‌ జాబితాలో మైక్రోసాఫ్ట్‌వి దాచేసి, మిగతావి ఆపి, కొన్ని కొన్నిగా తిరిగి పెట్టుకోవడమే నయమనిపిస్తుంది. పనయ్యాక నార్మల్‌ స్టార్టప్‌కి మార్చడం మరవకండి.

‘‘నీకెందుకివన్నీ’’ అనేవాళ్లు ఇంట్లో ఉంటారు. ఎందుకంటే ఆ పెట్టెలో ఉన్నవి మన లెక్కలు, మన ఫొటోలు, మన పాస్‌వర్డ్‌లు. దాన్ని వారంరోజులు ఎవరి షాపులోనో వదిలేయడం నాకిష్టం లేదు. వచ్చిన కుర్రాణ్ణి ఇంట్లోనే కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ‘‘సేఫ్‌ మోడ్‌లో చూశావా బాబూ?’’ అని అడగండి. ఫార్మాట్‌ మాట ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.