పరుగెత్తే పిల్లే తెర మీదికి రావాలి

అశ్విని నాచప్ప గుర్తుందా మీకు? అదేనండీ, 1991లో మౌళి గారు తీసిన 'అశ్విని' సినిమా. రామోజీరావు గారి ఉషాకిరణ్ మూవీస్ వాళ్లది. హీరోయిన్ పేరే సినిమాకీ పెట్టేశారు. ఆ ముందు ఏడాదే బీజింగ్ ఏషియన్ గేమ్స్‌లో 4×100 మీటర్ల రిలేలో వెండి పతకం తెచ్చిన మన జట్టులో ఆవిడ ఉంది. 1988లోనే అర్జున అవార్డు వచ్చింది. పి.టి. ఉష వెలిగిపోతున్న రోజుల్లో ఆమెనే దాటి పరుగెత్తిన మనిషి.

ఆవిడది కొడగు. అక్కడా మా అరకులాగే కొండలు, కాఫీ తోటలు, చెట్టుకి అల్లుకున్న మిరియాల తీగలు. కాఫీ కొండల్లో పుట్టిన ఆడపిల్ల ట్రాక్ ఎక్కి, ట్రాక్ మీంచి తెలుగు తెర ఎక్కింది. అందుకే ఆవిడంటే నాకు అంత ఇష్టం. తర్వాత 'ఇన్‌స్పెక్టర్ అశ్విని' లాంటివి ఇంకొన్ని చేసింది. ఈ రెండిట్లోనూ హీరో పక్కన పాటలకోసం వచ్చిపోయే వేషం కాదు. కథంతా ఆవిడ చుట్టూనే.

ఉషాకిరణ్ వాళ్లకి ఇది కొత్త కాదు లెండి. 1985లో 'మయూరి' తీసినప్పుడు, ప్రమాదంలో కాలు పోయినా జైపూర్ కాలు పెట్టుకుని మళ్లీ నాట్యం చేసిన సుధాచంద్రన్ చేతే ఆ వేషం వేయించారు. సింగీతం గారు డైరెక్టరు. వేరే పెద్ద హీరోయిన్ని పెట్టి, కాలి దగ్గర డూప్‌తో నడిపించెయ్యొచ్చు కదా! అలా చెయ్యలేదు. ఆ ధైర్యం తర్వాత మన సినిమాల్లో ఎందుకు తగ్గిపోయిందో అని నాకు బాధ.

ఎందుకింత పట్టుదలగా చెబుతున్నానంటే, పరుగు నటించలేరండీ. ఏడుపు నటించొచ్చు, కోపం నటించొచ్చు. పరుగు మాత్రం దొరికిపోతుంది. ఈసారి ఏదైనా ఆటల సినిమా చూసినప్పుడు భుజాలు చూడండి. అలవాటు లేనివాళ్లకి భుజాలు చెవుల దాకా లేచిపోతాయి, పిడికిళ్లు బిగిసిపోతాయి, పళ్లు కొరుకుతూ తల అటూ ఇటూ ఊపేస్తారు. డైరెక్టరుకి అదే కష్టంలా కనిపిస్తుంది. నిజంగా పరుగెత్తే పిల్ల మొహం వదులుగా ఉంటుంది. దవడ జారి, అడుగు పడినప్పుడల్లా బుగ్గలు అదురుతుంటాయి. మోచేతులు పక్కలకి కాదు, వెనక్కి పోతాయి. నాలుగు వందల మీటర్లలో ఆఖరి వంద దగ్గర కాళ్లు బరువెక్కిపోతాయి చూశారూ, అప్పుడు కూడా ఆ పిల్ల భుజాలు దించుకునే ఉండటానికి చూస్తుంది. ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన పని అది. నెలరోజుల ట్రైనింగుకి వచ్చేది కాదు.

మా దగ్గర ఆశ్రమ పాఠశాలలో ఆటల పోటీలు జరిగితే వీలైనప్పుడల్లా వెళ్తుంటాను. గ్రౌండంటే ఏముంది, కొండవాలులో చదును చేసిన మడి. మలుపు దగ్గర కొంచెం పల్లం. సున్నంతో గీతలు గీస్తారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె రబ్బరు చెప్పులు గీత పక్కన జతగా విడిచి, చున్నీ నడుముకి బిగించి కట్టుకుని నిలబడింది. విజిల్ ఊదారో లేదో, పల్లం దగ్గరికి వచ్చేసరికే మిగతావాళ్లు ఇరవై అడుగులు వెనకున్నారు. అయిపోయాక రొప్పైనా రొప్పలేదు. నా దగ్గరికొచ్చి, "మేడం, రన్నింగ్ బాగా వస్తే సినిమాలో ఏస్తారా?" అని అడిగింది. పక్కనున్న పీఈటీ మాస్టారికి కోపమొచ్చేసింది. "ముందు జిల్లాకి సెలక్టవ్వు. సినిమా అట సినిమా!" అన్నారు.

మాస్టారి కోపం నాకు అర్థమైంది. పదమూడేళ్లకే ఆ పిచ్చిలో పడితే పొద్దున్న ప్రాక్టీసు పోతుందని ఆయన భయం. ఆ భయం నిజమైనదే. కానీ పిల్ల అడిగినదాంట్లోనూ తప్పు లేదు. ఆట ఎవర్నీ జీవితాంతం ఉంచుకోదు కదా. ముప్పై దాటకముందే చాలామందిని పొమ్మంటుంది. ఆ తర్వాత ఏం చెయ్యాలి? రైల్వే ఉద్యోగమో, పోలీసు ఉద్యోగమో దొరికితే అదృష్టం. సినిమా కూడా ఒక దారి అయితే ఏం పోయింది?

చైనాలో లియు షువాన్ అని జిమ్నాస్ట్ ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బ్యాలెన్స్ బీమ్ మీద బంగారు పతకం కొట్టింది. చైనాకి ఆ బీమ్ మీద అదే మొదటి ఒలింపిక్ బంగారం. అప్పటికి ఆమెకి 21. తర్వాత ఆట వదిలేసి నటి అయింది. 2011లో హాంకాంగ్ టీవీ సీరియల్లో, వాంగ్ ఫీహుంగ్ అనే పేరున్న కుంగ్‌ఫూ గురువు భార్య వేషం వేసింది. ఆ భార్య కూడా యుద్ధవిద్య తెలిసిన మనిషే. ఒంటిని విల్లులా వంచగల పిల్లకి ఒంటితోనే చెప్పాల్సిన కథ ఇచ్చారు.

అదే సిడ్నీలో, అదే నెలలో, మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఆమె మీద సినిమా తీస్తామని ప్రకటన రావడానికి 2020 దాకా పట్టింది. ఇరవై ఏళ్లు! మల్లీశ్వరి ఎత్తిన బరువుని తెర మీద ఎవరు ఎత్తుతారన్నది నాకు అన్నిటికంటే పెద్ద ప్రశ్న. అట్టతో చేసిన బరువులకి కడ్డీ వంగదు. నిజం బరువుకి వంగుతుంది, చూసేవాళ్ల కంటికి అది తెలిసిపోతుంది.

2017లో 'గురు' వచ్చింది. సుధ కొంగర తీసింది, కథ మన విశాఖపట్నంలోనే. వెంకటేష్ కోచ్, కూరగాయలు అమ్ముకునే రాముడు వేషం రితికా సింగ్. నిజం కిక్‌బాక్సర్ ఆ పిల్ల, 2009లో ఏషియన్ ఇండోర్ గేమ్స్‌లో ఆడింది. దీని తమిళ మాతృక 'ఇరుది సుట్రు'లో నటనకి ఆమెకి జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రస్తావన కూడా దక్కింది. పంచ్ ఇచ్చేటప్పుడు ఆమె వెనక పాదం మడమ తిరగడం చూడండి. మొదట ఆ కాలు తిరుగుతుంది, తర్వాత నడుము, ఆఖరికి చెయ్యి. అది ఏ డైరెక్టరూ చెప్పి చేయించలేడు.

అదే ఏడాది రాహుల్ బోస్ 'పూర్ణ' తీశారు. నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడా పిల్ల మాలావత్ పూర్ణ, 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన కథ. పూర్ణ వేషం అదితి ఇనామ్‌దార్ వేసింది, చక్కగా చేసింది, నేనేం తప్పు పట్టను. కానీ సినిమా వచ్చేనాటికి పూర్ణకి ఇంకా పదహారే. తన కథలో తనే నడిచి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

మా కొండల్ని సినిమావాళ్లు ఎరగనివాళ్లు కాదు. మంచు కావాలన్నా, కాఫీ తోటలో పాట కావాలన్నా, అనంతగిరి ఘాట్ రోడ్డు మీద బండి పోవాలన్నా ఇక్కడికే వస్తారు. థింసా ఆడేవాళ్లని పిలుస్తారు. ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, తుడుం దెబ్బకి మోకాలు కొంచెం వంచి అడుగేసే ఆ ఆడవాళ్లు పాటలో వెనక వరసలో కనిపిస్తారు. ముందు వరసలో ఇంకెక్కడి నుంచో వచ్చిన అమ్మాయి ఉంటుంది. మా మొహాలు ముందు వరసకి ఎప్పుడు వస్తాయి?

వచ్చే కథలకి కొదవ లేదు. మా ఏజెన్సీ పిల్ల కుంజా రజిత, కోయ పిల్ల, 2025 మేలో దక్షిణ కొరియాలోని గూమిలో ఏషియన్ అథ్లెటిక్స్ పోటీల్లో 4×400 రిలే బంగారం తెచ్చిన నలుగురిలో ఒకతె. కింద విశాఖలో జ్యోతి యర్రాజి ఉంది. 2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో వంద మీటర్ల హర్డిల్స్ ఫైనల్ చూశారా? తుపాకీ మోగకముందే చైనా అమ్మాయి వూ యాన్నీ కదిలిపోయింది, పక్కనే ఉన్న జ్యోతిని కూడా తప్పు చేశావని బయటికి పొమ్మన్నారు. పరాయి దేశంలో, ఆ జనం మధ్యలో, మన పిల్ల కదల్లేదు. తెర మీద రీప్లే చూడమని నిలబడి వాదించింది. చివరికి ఇద్దర్నీ పరుగెత్తనిచ్చారు. మూడో స్థానంలో వచ్చింది, వూని అనర్హురాలిగా తేల్చాక 12.91 సెకన్లకి వెండి పతకం జ్యోతిదైంది. అంత వాదించి, గుండె దడదడలాడుతుంటే మళ్లీ బ్లాక్స్‌లో వేళ్లు ఆనించి కూర్చోవడం ఉంది చూడండి, ఆ సీను హర్డిల్స్ దాటిన మనిషి చేస్తేనే నమ్ముతాం.

రజిత, జ్యోతి ఇంకా పరుగెత్తాల్సినవాళ్లు. వాళ్లని ఇప్పుడే ట్రాక్ మీంచి లాగెయ్యమని కాదు నా మాట. పరుగెత్తనివ్వండి, తనివి తీరా పరుగెత్తనివ్వండి. అశ్విని నాచప్ప కూడా సినిమాలోనే ఉండిపోలేదు. కొడగుకి వెళ్లి గోణికొప్పల్లో చదువూ ఆటలూ కలిపిన బడి పెట్టింది, క్లీన్ స్పోర్ట్స్ ఇండియా పేరుతో ఆటల్లో అవినీతి మీద కొట్లాడింది.

ఆ ఎనిమిదో తరగతి పిల్లకి ఈ అశ్విని కథంతా చెప్పాను. మాస్టారు కూడా విన్నారు. "అయితే ముందు జిల్లా, తర్వాత స్టేటు, ఆ తర్వాతే సినిమా" అన్నారు. పిల్ల తలూపింది. లొకేషన్లు చూసుకోవడానికి అరకు వచ్చే మేనేజర్లకి నాదొక మనవి: ఈసారి పాడేరులో స్కూళ్ల ఆటల పోటీలు జరిగేటప్పుడు రండి. మంచు ఎప్పుడైనా దొరుకుతుంది.