పంట అప్పు ఉంది కాబట్టి ఇల్లు రాదట!

నంబులపూలకుంట మండలంలో ఐదెకరాల మెట్ట ఉన్న రైతును ఎవరైనా కలిగినవాడు అంటే ఊరంతా నవ్వుతుంది. వాన పడితే వేరుశనగ, పడకపోతే బెంగళూరు బస్సు. ఆ ఐదెకరాల బతుకు అంతే. కానీ ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకం లెక్కలో మాత్రం ఆ రైతు ఇల్లు ఇవ్వనక్కర్లేనంత కలిగినవాడే. 2024లో కేంద్రం సవరించిన అనర్హతల జాబితా చూడండి. నీటి వసతి ఉన్న భూమి రెండున్నర ఎకరాలు ఉన్నా, మెట్ట ఐదెకరాలు ఉన్నా పథకం వర్తించదు. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి 50 వేల రూపాయలు, ఆపైన ఉన్నా వర్తించదు.

అప్పు ఎప్పటినుంచి ఆస్తి అయిందో పాలకులే చెప్పాలి. కార్డు పరిమితిని రైతు స్తోమత చూసి నిర్ణయించరు. ఏ పంట, ఎన్ని ఎకరాలు, ఎకరాకు ఎంత పెట్టుబడి అని లెక్కగట్టి నిర్ణయిస్తారు. విత్తనకాయల ధర, ఎరువుల ధర, సేద్యాల కూలి పెరిగితే ఆ పరిమితీ పెరుగుతుంది. ఇవాళ రెండు మూడు ఎకరాల వేరుశనగకు బ్యాంకు గడప తొక్కినా 50 వేలు దాటిపోతుంది. అంటే ఖర్చు పెరిగిన కొద్దీ మన రైతు కాగితం మీద ధనవంతుడు అవుతున్నాడు. ఈ 50 వేల గీత 2011 సామాజిక ఆర్థిక కుల గణన నాటిది. 2024 సవరణలో మోటారు సైకిలు ఉన్నా ఫరవాలేదన్నారు, ఫ్రిజ్ ఉన్నా ఫరవాలేదన్నారు, ఇంట్లో ఒకరి నెల ఆదాయం పరిమితిని 10 వేల నుంచి 15 వేలకు పెంచారు. అన్నీ సరైన మార్పులే. రైతు అప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగిపోయింది.

భూమి గీత సంగతీ అంతే. పాత నిబంధనలో ఏడున్నర ఎకరాలు, దానితోపాటు సాగునీటి పరికరం ఒకటైనా ఉంటేనే అనర్హత. ఇప్పుడు బోరు లేదు, మోటారు లేదు, చుక్క నీరు లేదు. ఐదెకరాలు ఉంటే చాలు, పేరు కొట్టేస్తారు. ఢిల్లీలో దీన్ని సడలింపుగా చెప్పుకున్నారు. కృష్ణా డెల్టాలో అరెకరాకూ ఇక్కడి ఐదెకరాలకూ ఉన్న తేడా తెలిసినవారు ఎవరూ ఆ గీత గీసి ఉండరు. అందులోనూ ఆ ఐదెకరాలు చాలాచోట్ల తండ్రి పాసుపుస్తకంలోనే ఉంటాయి. ముగ్గురు కొడుకులు, వారి పిల్లలు ఒకే మిద్దె కింద ఉంటే, సర్వేకు వచ్చినవారు అందరినీ ఒకే కుటుంబంగా రాసుకుంటే, మూడు సంసారాల ఇళ్లు ఒక్క కలంపోటుతో పోతాయి.

ఆ మిద్దె ఎలాంటిదో మన సభ్యులకు వేరే చెప్పాలా? రాతి గోడలు, మట్టి సున్నం, పైన దూలాలు, దంతెలు, వాటి మీద చౌడు. ఏటా వానలకు ముందు మిద్దె మీద కొత్త చౌడు పోస్తేనే నిలుస్తుంది. పోసే వయసు పిల్లలు వలస పోయారు. ముసలివాళ్లు మిద్దె ఎక్కలేరు. చెదలు తిన్న దంతె ఎప్పుడు జారుతుందో తెలియదు. మూడు రోజులు ముసురు పట్టిందంటే గోడ నాని కూర్చుంటుంది. 2021 నవంబరు వానల్లో కదిరిలో కట్టడంలో ఉన్న భవనం పక్క ఇళ్ల మీద కూలి పసిపిల్లలతో సహా ప్రాణాలు పోయాయి. అది పట్టణం కాబట్టి వార్త అయింది. పల్లెలో మట్టిగోడ కూలితే సాధారణంగా అధికారి నష్టం రాసుకుని పోవడంతో సరి.

గోడ కూలిన కుటుంబం రోడ్డు మీద పడుకోదు. అన్న ఇంటి పంచలోకో, పశువుల కొట్టంలోకో, టార్పాలిన్ కిందకో చేరుతుంది. లేదంటే బెంగళూరులో ఎవరో కడుతున్న మేడ పక్కన రేకుల షెడ్డులో కాపురం పెడుతుంది. పల్లెలో ఇల్లు లేకపోవడం ఇలా కంటికి కనపడదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివారు 17 లక్షల 73 వేల మంది అని తేలింది, అందులో పల్లెల్లో 8 లక్షల 34 వేలు. అంతకు ముందు పదేళ్లతో పోలిస్తే పల్లెల్లో తగ్గిందని సంతోషపడ్డారు. కానీ ఆ లెక్కలో పైకప్పు లేకుండా ఆరుబయట బతికేవారే ఇల్లు లేనివారు. పశువుల కొట్టంలో ఉన్నవాడికి కప్పు ఉన్నట్టే!

మన గూటిబయలు దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాల మేర అల్లుకుని ఉంది. 1989లో గిన్నిస్ పుస్తకానికీ ఎక్కింది. మండలంలో ఐదెకరాల వల్ల నలుగురికి నీడ దొరికిన చోటు అదొక్కటే అనిపిస్తుంది ఈ నిబంధనలు చదివితే.

ఇదే నేల మీద సౌర విద్యుత్ పార్కు కోసం మన మండలంలో, పక్క గాలివీడులో కలిపి దాదాపు ఎనిమిది వేల ఎకరాలు సేకరించారు. 2016లోనే ఎన్‌టీపీసీ మొదటి 250 మెగావాట్లు మొదలయ్యాయి. భూమి కావాలంటే సర్వే, రోడ్డు, లైను అన్నీ చకచకా నడిచాయి. డి పట్టా ఉన్నవారు పరిహారం కోసం తిరిగారు. ఏళ్లుగా దున్నుకున్నా కాగితం లేనివారికి వాదన ఒక్కటే మిగిలింది. పార్కుకు వేల ఎకరాలు చూపించగలిగిన యంత్రాంగం పేదవాడికి ఊరి పక్కన మూడు సెంట్లు చూపించలేకపోవడాన్ని మేము నమ్మం.

ఆ సెంట్ల మాట కూడా చెప్పుకోవాలి. 2020 డిసెంబరు 25న మొదలైన పంపిణీలో పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు, అంటే సుమారు 72 గజాలు. రైతుకు ఇల్లంటే పడుకునే గది ఒక్కటే కాదు. ఎద్దులు కట్టెయ్యాలి, గడ్డివామి వెయ్యాలి, కాయలు ఎండబోసుకోవాలి. 72 గజాల్లో ఇవేవీ కుదరవు. కట్టుకున్నవారిలో ఎంతోమందికి కాపురం కాలనీలో, పశువులు పాత ఊళ్లో. ఇప్పటి ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామన్నది, అది 145 గజాలు. మాట నిలబెట్టుకోవాలి. లేఅవుటు ఊరికి దూరంగా గుట్ట పక్కన వేస్తే మాత్రం ఆరు సెంట్లు ఇచ్చినా లాభం లేదు.

ఇక డబ్బు. మైదాన ప్రాంతంలో కేంద్ర పథకం ఇచ్చేది 1 లక్షా 20 వేలు. 2016లో ఎంతో ఇప్పుడూ అంతే. సిమెంటు, కమ్మీ, మేస్త్రీ కూలి ఏదీ అక్కడ ఆగలేదు. పైగా దశ పూర్తయి ఫొటో ఎక్కిస్తేనే బిల్లు. ఆ దశ దాటడానికి నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తేవాలి. పునాది మీద ఆగిన గోడలు ఏ ఊళ్లో లేవు? నిలిచిపోయిన ఇళ్లకు ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ఇస్తామని 2025లో రాష్ట్రం ప్రకటించింది. మంచిదే, కానీ చాలదు. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు. అక్కడా ఆలస్యాలు లేవని కాదు గాని, ఇల్లు లక్షా ఇరవై వేలకు లేవదని ఒక ప్రభుత్వమైనా ఒప్పుకున్నది.

1995లో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గూడు కూడా జీవించే హక్కులో భాగమని, అందులో సరిపడా స్థలం, భద్రమైన కట్టడం, నీరు, పారిశుధ్యం ఉండాలని చెప్పింది. దళితుల ఇళ్ల స్థలాల కోసం భూమి సేకరిస్తే భూయజమానులు వేసిన కేసు అది. రైతు సంఘంగా ఇక్కడ మన మాట స్పష్టంగా ఉండాలి. ఊరి కూలీలకు స్థలం కోసం న్యాయమైన ధరకు భూమి తీసుకుంటే మనం అడ్డుపడకూడదు. మన పొలంలో కాయలు పీకే చేతులకు గూడు లేకపోతే ఆ చేతులు బెంగళూరు పోతాయి, పోతున్నాయి.

కేంద్రం కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనను పూర్తిగా ఎత్తివేయాలి. కరువు ప్రాంతాల్లో మెట్ట భూమి పరిమితిని తొలగించాలి. ఇంటి సాయాన్ని ఇప్పటి ధరలకు తగ్గట్టు పెంచి, పునాదికి ముందే మొదటి విడత ఇవ్వాలి. వలస వెళ్లిన కుటుంబాలు పండగలకు ఊరికి వచ్చినప్పుడు సర్వే చేయాలి. ముఖం చూపితేనే నమోదయ్యే యాప్‌కు తాళం వేసిన ఇల్లు ఏం చెబుతుంది?

ఈ నెల ప్రతి గ్రామ కమిటీ ఒక పని చేయాలి. ఊళ్లో కూలిన, కూలబోతున్న మిద్దెల వారి పేర్లు, కొట్టాల్లో, పంచల్లో ఉంటున్నవారి పేర్లు, వలసలో ఉన్నవారి పేర్లు రాయండి. ఇల్లు ఎందుకు రాలేదో పక్కన రాయండి. పంట రుణం వల్ల పోతే పాసుపుస్తకం, బ్యాంకు కాగితం నకళ్లు జతచేయండి. లబ్ధిదారుల జాబితాను గ్రామసభ ముందు పెట్టి తీరాలి కాబట్టి, అక్కడే చదివించి మినిట్స్‌లో రాయించండి. అన్ని ఊళ్ల జాబితాలు చేతికి రాగానే కదిరి ఆర్డీఓ కార్యాలయంలో ఇచ్చి, ఆ వెంటనే వచ్చే సోమవారం పుట్టపర్తి కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల వేదికకు అందరం కలిసి వెళదాం.